మక్కజొన్నకు తోడైన కంది
ఒంటి పంటకును జత పంటకును విత్తనము నెన్నుకొను విధము

పుష్యమాసము ప్రవేశించినది. దోమలగూడలోని మా నివాసమునకు చిక్కడపల్లి కూరగాయల అంగడి నడచిపోదగిన దూరమున నున్నది. ఈ దినములలో ఉదయమున ఆ దారిని పోవువారికి మొదట కనబడునవి పచ్చి కందికాయల రాసులు, వాని ప్రక్కనే చిక్కుడుకాయల తట్టలు. కొనువారు ఆ కాయ యే చేనిలో పండినదో యడుగరు. గింజ నిండినదా, పురుగు తొలిచినదా యని మాత్రమే చూతురు. మన సంఘ సభ్యులకు మాత్రము ఆ రాసులు మఱియొక సంగతిని జ్ఞాపకము చేయవలెను. ఏ చేనిలో ఏ మొక్కకు ఎట్లు కాయ పట్టినదో కన్నులార చూచి, రాబోవు మృగశిరకు విత్తన మేర్పరచుకొనవలసిన కాల మిదియే.

గడచిన నెలలో నలుగురైదుగురు సభ్యులు మమ్ము ఒకే ప్రశ్న యడిగిరి: "సంఘము తరఫున ఈ యేడు ఏ కంది విత్తనము తెప్పింపవలెను? అన్నిటికంటె ఎక్కువ కాచున దేది?" ప్రశ్న సహజమైనదే. అయినను అది సగము ప్రశ్న మాత్రమే. కందిని ఒంటిగా విత్తుదురా, మక్కజొన్న సాళ్ళ నడుమ విత్తుదురా యన్నది తెలియక దానికి సమాధానము చెప్పుట తగదు. అట్లు చెప్పుటవలన ఒక రైతునకు నష్టము కలిగినది. ఆ చెప్పినవారము మేమే గనుక మొదట ఆ సంగతిని విన్నవించుచున్నాము.

మా పొరపాటు

కొన్ని సంవత్సరముల క్రిందట సంగారెడ్డి వైపు ఒక గ్రామమున ప్రదర్శన మడులు వేయించితిమి. నాలుగు రకముల కందిని వేరువేరుగా, మఱి యే పంటయు కలుపక విత్తించితిమి. వానిలో పొట్టిగా, గుబురుగా పెరిగి నాలుగు నెలలకే పండిన రకము మిగిలిన మూడింటికంటె ఎక్కువ తూగినది. కళ్ళములో తూకము చూచినవారందరు సంతోషించిరి. మేమును సంతోషించి, మఱుసటి యేడు ఒక సభ్యునకు ఆ విత్తనమునే యిచ్చి, ఆయన వాడుక చొప్పున మక్కజొన్న సాళ్ళ నడుమ విత్తుకొమ్మని చెప్పితిమి.

మక్క నిలువెత్తు పెరిగి ఆకులు కమ్ముకొన్న సమయముననే ఆ కంది పూతకు వచ్చెను. నీడలో పూత రాలిపోయెను. కంకులు విరిచి చొప్ప కోసిన పిమ్మట ఎండ తగిలినను, అప్పటికి ఆ మొక్క తన వయస్సు గడుపుకొన్నది. క్రొత్త కొమ్మలు వేయలేదు. వచ్చిన కందులు కోత కూలికైనను చాలలేదు. అదే చేనిలో ఒక ప్రక్క రెండు సాళ్ళలో మాత్రము ఆ యింటి యిల్లాలు తన కుండలోని పాత గింజలు పెట్టించి యుండెను. అవియు మక్క నడుమనే పెరిగినవి. మూడు నెలలు నీడలో ఒదిగియుండి, మక్క తీసిన తరువాత నలువైపుల కొమ్మలు సాచి, పుష్యమాసమునకు నిండుగా కాచినవి.

ఆమె మమ్ము నిందింపలేదు. "అయ్యా, మీ గింజ మంచిదే. ఒంటిగా పెరిగిన పిల్లవంటిది. పదిమంది యున్న యింటిలో ఇమడలేకపోయినది" అని మాత్రము చెప్పెను. ఆ మాట మాకు నేటికిని జ్ఞాపకమున్నది. గింజయందు దోషము లేదు; మేము పరీక్షించిన విధమునందే దోషమున్నది. ఒంటిగా పరీక్షించిన దానిని జతకు ఇచ్చితిమి.

రెండు మొక్కల కాలము

ఇట్లేల జరిగెనో తెలిసికొనుటకు రెండు మొక్కల నడకను చూడవలెను. మక్కజొన్న త్వరపడు మొక్క. విత్తిన 50, 55 దినములకే జల్లు విడుచును. మూడు, మూడున్నర నెలలలో పండును. దానికి నీరు, ఎరువు, ఎండ మిక్కిలిగా కావలసినది మొదటి రెండు, రెండున్నర నెలలలోనే. కంది యట్లు కాదు. మన ప్రాంతమున చిరకాలముగా వాడుకలోనున్న మధ్యకాలపు కంది ఐదున్నర, ఆరు నెలల పంట. మొదటి ఆరెనిమిది వారములు పైకి ఎదుగుట లేనట్లే యుండును. కాని ఆ కాలమున వేరు లోతునకు దిగుచుండును. మక్క చేను విడిచిపోయిన తరువాతనే దాని అసలు పెరుగుదల.

ఒకే బావిమీద రెండు మోటలున్నవనుకొందము. ఒకటి ప్రొద్దుట, మఱియొకటి సాయంకాలము తోలినచో రెండు మడులు తడియును. రెండును ఒకే గడియలో తోలినచో బావి చాలదు. బలమైన యెద్దులున్నవాడే నీరు తోడుకొనును. నాలుగు నెలల కందిని మక్కలో విత్తుట రెండు మోటలను ఒకే గడియలో తోలుటవంటిది. ఆ పోటీలో మక్కదే పైచేయి.

ఇందు మఱియొక విశేషము గలదు. కంది పగటి నిడివిని గుర్తించు మొక్క. పగలు తగ్గి రాత్రి పెరుగు కాలముననే మధ్యకాలపు, దీర్ఘకాలపు రకములు పూయును. కావుననే మృగశిర కార్తెలో విత్తినది ఎత్తుగా పెరిగి కార్తీకమున పూయును. అదే గింజను భాద్రపదమున విత్తినచో పొట్టిగానే యుండి శీఘ్రముగా పూతకు వచ్చును. త్వరగా పండు రకములలో ఈ గుణము తక్కువ. అవి పగటి నిడివికై యంతగా వేచియుండక తమ వయస్సు ప్రకారము పూయును. మక్కలో విత్తు కందికి ఈ వేచియుండు గుణమే రక్ష.

నేలయందును ఈ రెండింటికి స్నేహమే. కంది వేళ్ళమీది బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందించును. రాలిన ఆకును వేళ్ళును క్రుళ్ళి నేలకు బలమిచ్చును. అయితే ఈ బలము ముఖ్యముగా తరువాతి పంటకు చెందును. అదే ఋతువులో ప్రక్కనున్న మక్కకు కంది పెద్దగా పెట్టునని తలచి మక్క ఎరువును తగ్గింపరాదు. మఱియు ఎఱ్ఱనేలలలో ఇనుముతో బిగిసియున్న భాస్వరమును కంది వేళ్ళనుండి వెలువడు ఒకవిధమైన ఆమ్లము విడదీయునని పటాన్‌చెరువులోని ఇక్రిసాట్ సంస్థయందు పనిచేసిన శాస్త్రజ్ఞులు 1990లో ప్రకటించిరి. మన చెల్కలలో కంది నిలదొక్కుకొనుటకు గల కారణములలో ఇదియొకటి.

ప్రాకు చిక్కుడు, వేచియుండు కంది

కాయజాతి మొక్కను మక్కతో కలిపి వేయుట మన దేశమునందే కాదు. మక్కజొన్నకు పుట్టినిల్లు మెక్సికో. అచ్చటి రైతులు అనాదిగా మక్కను, చిక్కుడుజాతి గింజను, గుమ్మడిని ఒకే చేనిలో విత్తుచున్నారు. చిక్కుడు మక్క కాడను చుట్టుకొని ప్రాకి ఎండను అందుకొనును. గుమ్మడి నేలను కప్పి కలుపును అణచును. దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశమున 1967లో స్థాపింపబడిన అంతర్జాతీయ పరిశోధనా కేంద్రము ఈ చిక్కుడు గింజలను పొదరకములనియు, ప్రాకు రకములనియు విభజించి, ఒంటిగాను మక్కతోను పరీక్షించినది. అచ్చటి పని ఏమనగా, తీగకును కాడకును ఈడుజోడు కుదుర్చుట. తీగ మిక్కిలి బలమైనదైనచో మక్కను పడద్రోయును. బలహీనమైనదైనచో నీడలోనే చిక్కుకొని కాయదు.

మన పందిరి చిక్కుడు మక్కకు తగదు. దాని తీగ బరువునకు కాడ వంగిపోవును. బొబ్బరలలో నిటారుగా పెరిగి రెండు నెలలకే కాయకు వచ్చు రకములు తగును. తీగ సాగునవి తగవు. అనుములను జొన్నలో కలిపి వేయుట మన పెద్దల వాడుక. అయినను వర్షాధారపు చేలలో మక్కకు ముఖ్యమైన తోడు కందియే. మెక్సికో చిక్కుడు కాడనెక్కి ఎండను వెదకును; మన కంది మక్క దిగిపోవువరకు కాచుకొని యుండును. కావున అక్కడి విత్తన పరిశోధకుడు తీగ బలమును చూచినట్లు, ఇక్కడివాడు కంది ఓర్పును చూడవలెను.

క్రొత్త రకము లెట్లు పుట్టును

రకములను మెరుగుపరచుటకు రెండు మార్గములు. మొదటిది ఎంపిక: పలు గ్రామముల పాత గింజలను తెచ్చి, ఒక్కొక్క మొక్క గింజను ఒక్కొక్క సాలుగా విత్తి, మేలైన దానిని నిలుపుట. రెండవది సంకరము: ఒకదాని పుప్పొడిని మఱియొకదాని కీలాగ్రమునకు అంటించి, రెండింటి గుణములు కలిసిన మొక్కలను పుట్టించి, అందు మేలైనవానిని ఏటేట ఏరుట. మెండెల్ అను సన్న్యాసి తన మఠపు తోటలో బఠానీ మొక్కలపై చేసిన పరీక్షలను 1866లో ప్రకటించెను. తల్లిదండ్రుల గుణములు సంతతిలో ఒక లెక్క ప్రకారము విడిపోవునని వానివలన తేలినది. ఈ నాటి విత్తన శాస్త్రమునకు అదియే పునాది. సంకరము చేసిన నాటినుండి గుణములు స్థిరపడిన రకము రైతు చేతికి వచ్చుటకు పదేండ్లకు తక్కువ పట్టదు. కంది సంవత్సరమున కొక్కమారే పండును గనుక త్వరపడుటకు వీలు తక్కువ.

మన ప్రాంతమున జరిగిన కార్యము నొకదానిని ఉదాహరింతుము. కందికి ఎండు తెగులు పరమ శత్రువు. బట్లరు అను శాస్త్రజ్ఞుడు 1910 నాటికే దానిని గూర్చి వివరముగా వ్రాసియుండెను. మందు చల్లి కుదుర్చుటకు వీలులేని తెగులిది. మట్టిలోని శిలీంధ్రము వేరుద్వారా ప్రవేశించి మొక్కను నిలువునా ఎండించును. 1972లో పటాన్‌చెరువున ఇక్రిసాట్ సంస్థ ఏర్పడిన తరువాత అచ్చట కావలెననియే తెగులు నిండిన మడులను తయారుచేసి, వానిలో పలుచోట్ల గింజలను విత్తి, చావక మిగిలిన మొక్కలనే ఏరిరి. నేడు ఆ సంస్థ భాండాగారమున 13 వేలకు పైగా కంది నమూనాలున్నవి. ఈ విధమైన శోధనవలన మారుతి యను పేరుగల ఐ.సి.పి. 8863 రకము 1986లో కర్ణాటకమున విడుదలయ్యెను. ఎండు తెగులునకును, పూత రానీయని వెర్రి తెగులునకును ఓర్చుకొను ఆశ యను ఐ.సి.పి.ఎల్. 87119 రకము 1993లో వచ్చినది. కంది జన్యువుల వరుసను మొట్టమొదట చదువుటకు శాస్త్రజ్ఞులు ఎన్నుకొన్నదియు ఈ ఆశ రకమునే. ఆ ఫలితము 2012లో అచ్చయినది.

ఈ కథలోని నీతిని సభ్యులు గమనింపవలెను. తెగులునకు ఓర్చు మొక్కను ఆరోగ్యమైన నేలలో కనిపెట్టుట సాధ్యము కాదు. తెగులున్న నేలలో విత్తినప్పుడే అది బయటపడినది. అట్లే నీడకు ఓర్చు మొక్కను బట్టబయలు మడిలో కనిపెట్టుట సాధ్యము కాదు. మక్క నడుమ విత్తినప్పుడే అది తెలియును. పరిశోధనా క్షేత్రములలో ప్రతి రకమును ప్రతి తరమునందును రెండు విధముల విత్తవలెనన్నచో స్థలము, కూలి, కాలము రెట్టింపగును. కావున మొదటి తరములను ఒంటిగా చూచి, కడపటి తరములలో మిగిలిన కొలది రకములను జతగాను చూచుట సాధ్యమైన మార్గము. అయితే మొదటనే జారిపోయిన మొక్కలలో జతకు తగినది ఏదియుండెనో ఎవరికిని తెలియదు. ఆ కొరతను కొంతవరకు తీర్పగలవాడు తన చేనిలో ప్రతి యేడు జత పంటను చూచు రైతే.

జతలో రెండవదైన మక్కయొక్క స్వభావమును చూడవలెను. దోమలగూడకు సమీపముననే యున్న అంబరుపేట క్షేత్రము చాలకాలము మక్కజొన్న పరిశోధనకు నిలయమై యుండెను. 1961లో మన దేశమున మొదటిసారి విడుదలైన సంకర మక్కలలో దక్కన్ అనునది యొకటి. నేడు రైతు కొను మక్క గింజ ఇంచుమించుగా అంతయు సంకరమే. వానిలో ఆకు నిటారుగా నిలిచి శీఘ్రముగా పండునది కందికి మేలు. ఆకులు వెడల్పుగా పరచి ఆలస్యముగా పండునది కందికి భారము. వధువును మాత్రమే చూచి, వరుని చూడక సంబంధము కుదుర్చరాదు గదా.

దేని కెట్టి మొక్క

ఒంటిగా వేయుటకు తగిన కంది యెట్టిది? పొట్టిగా, కొమ్మలు దగ్గరగా ఉండవలెను. ఎకరమునకు ఎక్కువ మొక్కలు పట్టవలెను. పూత, కాత ఒకేమారు రావలెను. అప్పుడు శనగపచ్చ పురుగునకు మందు కొట్టుటయు, కోతయు సులభమగును. తేలిక నేలలలో వానలు ముందుగా వెనుదిరిగినచో త్వరగా పండునదే తప్పించుకొనును. పాలెము పరిశోధనా స్థానమునుండి వచ్చిన పి.ఆర్.జి. 176, అనగా ఉజ్వల, ఇట్లు త్వరగా పండు రకములలోనిది.

జతకు తగిన కంది యెట్టిది? మొదటి రెండు నెలలు మక్కకు అడ్డురాక నిదానముగా పెరుగవలెను. నీడలో కాండము సన్నబడి సాగిపోరాదు; సాగినది మక్క తీసిన నాడే గాలికి ఒరిగిపోవును. మక్క కోసిన తరువాత ప్రక్క కొమ్మలను ధారాళముగా వేయవలెను. ఒకమారు పూత రాలినను మఱల పూయు శక్తి యుండవలెను. వేరు లోతుగా దిగవలెను. ఏలయనగా దాని కాత యంతయు వానలు ఆగిన తరువాత నేలలో మిగిలిన తేమమీదనే. తెగుళ్ళకు ఓర్పు రెండు విధముల పంటకును ఆవశ్యకమే. జొన్నతో కలిపి వేసిన కందిలో ఎండు తెగులు తగ్గుచున్నట్లు పరీక్షలలో కనబడినది. అయినను దానినే నమ్ముకొని తెగులునకు లోబడు గింజను విత్తరాదు.

వరంగల్లు, పాలెము, తాండూరు, గుంటూరు దగ్గరి లాం పరిశోధనా స్థానములనుండి పలు రకములు వచ్చియున్నవి. వరంగల్లు రుద్రేశ్వర, తాండూరు హనుమ అట్టివి. వీనిలో ఏది మీ మక్కకు, మీ నేలకు సరిపడునో పేరును బట్టి చెప్పుటకు వీలులేదు. సంకర కందులును వచ్చినవి: 2010లో మధ్యప్రదేశమున ఐ.సి.పి.హెచ్. 2671 విడుదలయ్యెను. కాని సంకర కంది గింజను దాచుకొని మఱల విత్తిన అదే పంట రాదని, ప్రతి యేడు క్రొత్తగా కొనవలెనని తెలిసియే వానిని చేపట్టవలెను.

ఇండ్లలోని స్త్రీల మాటను కూడ వినవలెను. పప్పు త్వరగా ఉడుకునా, రుచి యెట్లున్నది, కందికట్టె పొయ్యిలోనికి పనికివచ్చునా యనునవి త్రాసులో తూగని గుణములు. తాండూరు కందిపప్పునకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది దాని దిగుబడిని బట్టి కాదు, ఆ నేలలో పండిన పప్పు గుణమును బట్టి.

గుంటల లెక్క

జత పంటను తూచుట యెట్లు? కందులను మక్కలను ఒకే రాసిగా పోసి లెక్కించుట తగదు. శాస్త్రజ్ఞుల పద్ధతి యొకటి కలదు. దానిని మన గుంటలలోనికి మార్చి చెప్పుచున్నాము. ఒక ఎకరము జత పంటలో వచ్చిన గింజలు ఒంటి పంటలుగా రావలెనన్నచో ఎంత భూమి కావలెను? అంతియే ఆ లెక్క.

ఒక ఉదాహరణము అనుకొందము. ఈ అంకెలు లెక్క బోధపడుటకు మాత్రమే. మక్క ఒంటిగా ఎకరమునకు 20 క్వింటాళ్ళు. 'అ' అను కంది ఒంటిగా 6 క్వింటాళ్ళు. 'ఇ' అను కంది ఒంటిగా 5 క్వింటాళ్ళు. ఒంటిగా చూచిన 'అ' మేలు. ఇప్పుడు జతలో 'అ' 2 క్వింటాళ్ళు, దాని ప్రక్క మక్క 17 క్వింటాళ్ళు వచ్చినవి. 'ఇ' మూడున్నర క్వింటాళ్ళు, దాని ప్రక్క మక్క 18 క్వింటాళ్ళు వచ్చినవి.

'అ' జతలో వచ్చిన 17 క్వింటాళ్ళ మక్కను ఒంటిగా పండించుటకు 34 గుంటలు కావలెను. 2 క్వింటాళ్ళ కందిని ఒంటిగా పండించుటకు 13 గుంటలకు పైగా కావలెను. మొత్తము 47 గుంటలు, అనగా ఎకరము 7 గుంటలు. 'ఇ' జతలో మక్కకు 36 గుంటలు, కందికి 23 గుంటలకు పైగా. మొత్తము 59 గుంటలు, అనగా ఎకరము 19 గుంటలు. మొదటి రైతు ఎకరమును దున్ని ఏడు గుంటలు ఎక్కువగా సంపాదించినాడు. రెండవవాడు పందొమ్మిది గుంటలు సంపాదించినాడు. ఒంటిగా ఓడినది జతలో గెలిచినది.

ఇందొక జాగ్రత్త కలదు. 'ఇ' కందిని దాని ఒంటి దిగుబడియైన 5తో పోల్చక, రెండింటిలో మేలైన 6తోనే పోల్చితిమి. ఏ రకమును దానితోనే పోల్చినచో ఒంటిగా మిక్కిలి తక్కువ కాచు గింజ జతలో గొప్పగా కనబడి మోసపుచ్చును. ఇదిగాక ఆనాటి ధరలతోను లెక్కించి చూడవలెను. కందులకును మక్కలకును ధర ఒకటి కాదు.

వాన తప్పిన యేడు

జత పంట ముఖ్య ప్రయోజనము మంచి యేట కనబడునది మాత్రమే కాదు. ఎం. ఆర్. రావు, ఆర్. డబ్ల్యు. విల్లీ యను శాస్త్రజ్ఞులు జొన్న, కంది జతపై జరిగిన 94 పరీక్షల ఫలితములను కూర్చి 1980లో ప్రకటించిరి. రైతునకు కనీసముగా కావలసిన రాబడి ఇంత యని యొక గీటు గీచి చూడగా, ఒంటి కంది 5 ఏండ్లకు ఒకమారు ఆ గీటు క్రిందికి దిగినది. ఒంటి జొన్న 8 ఏండ్లకు ఒకమారు దిగినది. జత పంట 36 ఏండ్లకు ఒకమారు మాత్రమే దిగినది. ఇది జొన్నను గూర్చిన లెక్క. మక్క జొన్నకంటె నీటి యెద్దడికి త్వరగా లొంగును గనుక అవే అంకెలను మక్కకు అంటగట్టరాదు. కాని కారణ మొక్కటే. వాన ముందు తప్పినచో ఒకటి దెబ్బతినును, వెనుక తప్పినచో మఱియొకటి; రెండును ఒకేమారు పోవుట అరుదు. అప్పు వాయిదా కట్టవలసిన సభ్యునకు ఈ సంగతి ఎంత విలువైనదో మేము చెప్పనక్కరలేదు.

తేనెటీగ కలుపు విత్తనము

"విత్తొకటి పెట్టిన చెట్టొకటి మొలచునా" యని మన సామెత. కంది విషయమున అట్లు మొలచుట కలదు. కంది పూవు విడువక మునుపే లోపల పుప్పొడి రాలి చాలవరకు తనంతట తానే ఫలించును. అయినను తేనెటీగలు పూవునుండి పూవునకు తిరిగి సగటున 100కి 20 గింజలవరకు పరాయి పుప్పొడితో కలుపును. చోటును బట్టి ఇది హెచ్చుతగ్గుగా నుండును. మీరు మంచి రకమును కష్టపడి ఏరినను, ప్రక్క చేనిలో మఱియొక కంది పూచుచున్నచో నాలుగైదేండ్లలో మీ రకము మీది కాకపోవును. ధ్రువీకృత విత్తనమునకు కనీసము 100 మీటర్ల యెడముండవలెనని నియమమున్నది. చిన్న కమతములలో ఇది ఒక్కరివలన కాదు. ఇరుగు పొరుగు సభ్యులు మాటాడుకొని ఒక దిక్కున అందరును ఒకే కందిని విత్తినచో సులభముగా సాధ్యమగును. విత్తనమునకు చేని నడిమి భాగమునుండియే గింజ తీయవలెను. గట్ల ప్రక్కది తినుటకు ఉంచుకొనవలెను.

ఈ యేడు చేయవలసినది

ఇప్పుడు చేలలో కంది కోతకు సిద్ధమగుచున్నది. మక్కలో కంది వేసిన సభ్యులు కోతకు ముందు ఒకమారు సాళ్ళ వెంట నడువవలెను. నీడకు చెడక, ఒరిగిపోక, నిండుగా కాచిన మొక్కలకు గుడ్డపీలిక కట్టవలెను. చేనంతటినుండి రెండు మూడు వందల మొక్కలకు తక్కువగాక ఏరవలెను. పదిమొక్కలనే నమ్ముకొన్నచో రకము బలహీనపడును. బలము పట్టిన గట్టు మూలననో, మక్క మొలవని ఖాళీలోనో పెరిగిన మొక్కను చూచి భ్రమపడరాదు. దాని నిండుదనము చోటువలన వచ్చినది, గుణమువలన కాదు. ఇరువైపుల మక్క నిండుగా నున్నచోట కాచినదే మనకు కావలసినది. అట్టివానిని వేరుగా కోసి, వేరుగా కొట్టి, బాగుగా ఎండించి, పుచ్చు పట్టకుండ బూడిద కలిపి క్రొత్త కుండలో దాచవలెను.

మృగశిరకు ఒక్కొక్క సభ్యుడు 10 గుంటల స్థలమును పరీక్షకు కేటాయింపవలెను. రెండేసి గుంటల మడులు ఐదు: మక్క ఒంటిగా, మీ ఇంటి కంది ఒంటిగా, సంఘము తెప్పించిన కంది ఒంటిగా, మక్కతో ఇంటి కంది, మక్కతో సంఘపు కంది. జత మడులలో రెండు సాళ్ళు మక్క, ఒక సాలు కంది యుండవలెను; రెండింటిని ఒకే దినమున విత్తవలెను. ఐదు మడులకును నేల, ఎరువు, కలుపు తీత సమానముగా నుండవలెను. మక్క కంకులు విరిచిన వెంటనే చొప్పను కోసి తీయవలెను. వారము రోజులు నిలిపినను కంది నష్టపడును. పంట రాగానే మడి మడికి వేరుగా తూచి, 20తో హెచ్చించినచో ఎకరపు దిగుబడి తేలును. ఆపై గుంటల లెక్క చేసికొనవచ్చును. లెక్క రానివారు తూకములను మాత్రము వ్రాసి సంఘమునకు తెచ్చినచో మేము లెక్కకట్టి ఇచ్చెదము.

ఒక్కని చేని సాక్ష్యము చాలదు. ఒకచోట వాన ఎక్కువ, ఒకచోట నేల తక్కువ. పదిమంది సభ్యులు పది చేలలో ఇట్లు చేసినచో, ఒక్క సంవత్సరముననే మన గ్రామములకు సంబంధించినంతవరకు మంచి జాడ తెలియును. మూడేండ్లు చేసినచో సంఘము ధైర్యముగా విత్తనము కొనవచ్చును, అమ్మవచ్చును. సహకార మనగా అప్పు తీసికొనుట మాత్రమే కాదు. తెలిసిన దానిని ఒకరికొకరు ఇచ్చుకొనుటయు సహకారమే.

సంగారెడ్డి వైపు ఆ యిల్లాలి కుండలోని గింజలను మఱుసటి యేడు మేము పిడికెడు అడిగి తెచ్చుకొంటిమి. వానిని నేటివరకు ప్రతి పరీక్షలో ఒక సాలుగా విత్తుచున్నాము. కొన్ని క్రొత్త రకములు వానిని మించినవి, కొన్ని మించలేదు. కాని వానితో పోల్చక, మక్క నడుమ చూడక, ఏ విత్తనమును జత పంటకు మంచిదని మేము మఱల చెప్పలేదు. సభ్యులును మమ్ము గాని, విత్తనము అమ్మువారిని గాని "ఏది మంచిది?" అని యడుగక, "మా మక్క నడుమ ఏది మంచిది? ఎచ్చట చూచితిరి?" అని యడుగవలెనని మా మనవి.